పన్నెండు మూరల గాడి

చేతిలోంచి జారిన రాయి పడుతూ పడుతూ వేగం పుంజుకుంటుంది. ఇందులో ఎవరికీ పేచీ లేదు. కానీ వేళ్లు వదిలేసిన ఆ మొదటి క్షణంలో దాని వేగం ఎంత? సున్నా అనుకుందాం. సున్నా దగ్గర మొదలై పెద్ద వేగానికి చేరాలంటే మధ్యలో ఉన్న వేగాలన్నిటినీ దాటుకుంటూ రావాలి కదా? అంటే ఒకానొక క్షణంలో ఆ రాయి నత్తకంటే నెమ్మదిగా కదిలి ఉండాలి. అంతకు ముందు క్షణంలో ఇంకా నెమ్మదిగా. అదే వేగంతో ఉండిపోతే ఏడాది గడిచినా జానెడు దూరం పోలేనంత నెమ్మదిగా. దభీమని నేలను తాకే రాయి గురించి ఈ మాట ఎలా నమ్మడం?

ఈ సందేహం సాగ్రేదో అనే ఆయనది. గెలీలియో రాసిన ‘రెండు కొత్త శాస్త్రాలు’ పుస్తకంలో, మూడో రోజు సంభాషణలో, ఆయన దీన్ని బయటపెడతాడు. 1638లో హాలండ్‌లోని లైడెన్ నగరంలో ఎల్జెవీర్ ముద్రణశాల ఆ పుస్తకాన్ని అచ్చువేసింది. అప్పటికి గెలీలియోకు డెబ్బై నాలుగేళ్లు. 1633 నాటి చర్చి విచారణ తర్వాత ఫ్లారెన్సు పక్కన ఆర్చేత్రిలో ఇంట్లోనే ఖైదీ. చూపు పూర్తిగా పోయింది. ఆయన పుస్తకాలు అచ్చు కాకూడదని చర్చి ఆంక్ష ఉంది కాబట్టి, రాతప్రతి తనకు తెలియకుండానే ప్రచురణకర్తల చేతికి చేరినట్టు అంకితంలో అమాయకంగా రాసుకొచ్చాడు. ఆ అమాయకత్వాన్ని చదివినవాళ్లు నమ్మారని నేననుకోను.

ఆధునిక భౌతికశాస్త్రానికి పునాది వేసిన పుస్తకమని దీన్ని అందరూ పొగుడుతారు. ఆ పొగడ్త ఎక్కువగా అందులో తేలిన ఫలితాలకే వెళుతుంది. నాకు మాత్రం ఆ ఫలితాలకంటే అందులోని పనితనం మీద మోజు. కొత్తగా నేర్చుకునేవాడికి కలిగే సందేహాన్ని కసురుకోకుండా తీసుకొని, అనవసరమైనదంతా చెక్కేసి, చేతికందే కొలతకు దించడమే ఆ పనితనం. ఆయన మాటల్లో చేసిన పనిలోనూ, కొయ్య మీద చేసిన పనిలోనూ ఒకే చేతివాటం కనిపిస్తుంది.

పుస్తకంలో మాట్లాడేది ముగ్గురు. సాల్వియాతి గెలీలియో తరఫు మనిషి. సాగ్రేదో చురుకైన శ్రోత. సింప్లీచియో అరిస్టాటిల్‌ను క్షుణ్ణంగా చదువుకున్న పండితుడు. మొదటి ఇద్దరూ నిజంగా బతికిన మనుషులే, గెలీలియో స్నేహితులే. ఫ్లారెన్సు వాడైన ఫిలిప్పో సాల్వియాతి 1614లో, వెనిస్ ప్రభువంశీకుడు జియోవన్‌ఫ్రాంచెస్కో సాగ్రేదో 1620లో కన్నుమూశారు. పోయిన మిత్రులకు మళ్లీ గొంతిచ్చి మాట్లాడించాడన్నమాట. మూడోవాడు కల్పితం. పేరు మాత్రం ఆరో శతాబ్దపు అరిస్టాటిల్ వ్యాఖ్యాతది. మూడో రోజు ఏర్పాటు ఇంకా చిత్రంగా ఉంటుంది. నిర్వచనాలు, సిద్ధాంతాలు, నిరూపణలు అన్నీ లాటిన్‌లో ఉంటాయి. సాల్వియాతి వాటిని ‘మన రచయిత’ గ్రంథమని చెప్పి చదివి వినిపిస్తుంటాడు. సందేహం వచ్చిన చోటల్లా లాటిన్ ఆగిపోతుంది. ముగ్గురూ ఇటాలియన్‌లో వాదులాటకు దిగుతారు. పండితుల భాషలో నిరూపణ, ఇంటిభాషలో అనుమానం. ఆ అనుమానాలకు గెలీలియో ఇచ్చిన చోటు తక్కువేమీ కాదు.

సాగ్రేదోకు సాల్వియాతి ఏం జవాబు చెబుతాడో చూడండి. గణితం ఎత్తుకోడు. నేలలో గుంజ దిగగొట్టే బరువు సంగతి తెస్తాడు. నాలుగు మూరల ఎత్తు నుంచి బరువు పడితే గుంజ నాలుగు వేళ్ల మేర దిగిందనుకుందాం. (గెలీలియో మూర మన మూరకంటే పెద్దది, సుమారు 58 సెంటీమీటర్లు.) రెండు మూరల నుంచి పడితే తక్కువ దిగుతుంది. ఒక్క మూర నుంచైతే ఇంకా తక్కువ. వేలెడు ఎత్తు నుంచి వదిలితే, ఊరకే గుంజ మీద పెట్టినదానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. ఆకు మందం ఎత్తు నుంచి వదిలితే గుంజ కదిలిందో లేదో కూడా తెలియదు. బరువు మారలేదు, గుంజ మారలేదు. కాబట్టి దెబ్బలో తేడా అంతా వేగంలోని తేడానే. ఆకు మందం దూరం పడ్డ వస్తువు వేగం ఎంత స్వల్పమో ఇక వేరే చెప్పాలా?

మెచ్చుకోవలసింది ఇక్కడే. కంటికి అందని వేగాన్ని ఆయన గుంజ దిగిన లోతుగా మార్చేశాడు. లోతును వేళ్లతో కొలవచ్చు. ప్రశ్న అడిగినవాడు వేగాన్ని కళ్లతో చూడాలనుకున్నాడు. జవాబు చెప్పినవాడు ఆ వేగం మిగిల్చిన గుర్తును చూడమన్నాడు.

సింప్లీచియో అక్కడితో ఊరుకోడు. నెమ్మదితనంలో అనంతమైన స్థాయిలుంటే అవన్నీ దాటేదెప్పుడు, రాయి ఎప్పటికీ ఏ వేగానికీ చేరలేదు కదా అంటాడు. చదువుకున్నవాడి సందేహంలా కనిపించినా ఇది పసివాడు అడగగల ప్రశ్నే. ఒక్కో స్థాయిలో రాయి కాసేపైనా ఆగితే నీ మాట నిజమే, కానీ అది ఎక్కడా ఆగదు, ప్రతి స్థాయినీ ఒక్క క్షణంలో దాటిపోతుంది, ఎంత చిన్న కాలవ్యవధిలోనైనా అనంతమైన క్షణాలున్నాయి కాబట్టి స్థాయిలకు చాలినన్ని క్షణాలు దొరుకుతాయి అని సాల్వియాతి సమాధానం. న్యూటన్, లైబ్నిజ్‌ల కలన గణితం రావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలుంది. ఆ పరికరం చేతిలో లేకుండానే గెలీలియో దాని గుమ్మం దాకా వచ్చేశాడు.

తర్వాత సాగ్రేదో ఒక ఊహ చేస్తాడు. వేగం కాలాన్ని బట్టి పెరుగుతుందని ఎందుకు, పడిన దూరాన్ని బట్టి పెరుగుతుందంటే సరిపోదా? రెట్టింపు దూరం పడితే రెట్టింపు వేగం. వినడానికి ఎంతో సహజంగా ఉంది. ఇప్పటికీ త్వరణం పాఠం మొదలుపెట్టినప్పుడు చాలామంది పిల్లల మనసులో ముందు మెదిలేది ఇదే. సాల్వియాతి నవ్వడు. మన రచయిత కూడా కొంతకాలం ఇలాగే పొరబడ్డాడని చెప్పేస్తాడు. అది మర్యాద కోసం అన్న మాట కాదు. 1604 అక్టోబర్ 16న వెనిస్‌లోని మిత్రుడు పావొలో సార్పికి గెలీలియో రాసిన ఉత్తరం మిగిలి ఉంది. అందులో ఆయన పట్టుకున్నది సరిగ్గా ఈ తప్పుడు సూత్రాన్నే. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఆ తప్పును తీసుకెళ్లి తన పుస్తకంలోని అత్యంత తెలివైన శ్రోత నోట పెట్టాడు. సింప్లీచియో నోట పెట్టడం తేలిక. అలా పెడితే పాఠకుడు నవ్వేసి పేజీ తిప్పేవాడు. సాగ్రేదో నోట పెట్టడంతో ఆగి ఆలోచించక తప్పదు.

అయితే ఆ ఊహను కొట్టేయడానికి సాల్వియాతి చేసే వాదం మాత్రం నాకంత గట్టిగా అనిపించదు. అలా అయితే నాలుగు మూరలూ ఎనిమిది మూరలూ ఒకే సమయంలో పడాలి, అది అసాధ్యం అని కొద్ది వాక్యాల్లో తేల్చేస్తాడు. ఆ వాదం నిలుస్తుందా లేదా అని చరిత్రకారులు చాలాకాలంగా తగవులాడుతున్నారు. ఇవాళైతే ఇంకా సూటిగా చెప్పవచ్చు. వేగం దూరాన్ని బట్టే ఉంటే, ఇంకా కదలని రాయికి దూరం సున్నా, వేగమూ సున్నా. అది ఉన్నచోటు నుంచి బయలుదేరదు. సాగ్రేదో ఆ జవాబు వినగానే ఒప్పేసుకోవడం కూడా నాకు నచ్చదు. అక్కడక్కడా ఆయన మరీ తొందరగా మెచ్చేసుకుంటాడు. ప్రశ్నించే మనిషిని అంత శ్రద్ధగా తయారుచేసిన రచయిత, కొన్ని పేజీల్లో ఆ మనిషిని భజనపరుణ్ణి చేశాడు.

మొదటి రోజు సంభాషణలో బరువైన రాయి, తేలిక రాయి వాదం వస్తుంది. దాని గురించి మన పాఠ్యపుస్తకాలు కూడా చెబుతాయి కాబట్టి క్లుప్తంగా చూద్దాం. పెద్ద రాయి ఎనిమిది పాళ్ల వేగంతోనూ, చిన్న రాయి నాలుగు పాళ్ల వేగంతోనూ పడతాయనుకొని రెండిటినీ కట్టేస్తే, చిన్నది పెద్దదాన్ని వెనక్కి లాగాలి, జంట వేగం ఎనిమిదికంటే తగ్గాలి. కానీ జంట బరువు పెద్ద రాయికంటే ఎక్కువ కాబట్టి వేగం ఎనిమిదికి మించాలి. రెండూ నిజం కాలేవు. దీనికంటే నాకు నచ్చేది వెంటనే వచ్చే సింప్లీచియో తికమక. చిన్న రాయిని పెద్ద రాయి మీద పెడితే బరువు కలవదా అంటాడు. నీ భుజం మీది మూట నిన్ను నొక్కేది నువ్వు దాన్ని ఆపుతున్నంత సేపే, నువ్వూ దానితో సమానంగా కిందికి పడుతుంటే అది నిన్నెలా నొక్కుతుంది, నీ అంత వేగంగానే పరుగెత్తిపోతున్నవాణ్ణి బల్లెంతో పొడవగలవా అని సాల్వియాతి ఎదురు ప్రశ్న. స్వేచ్ఛగా పడే వస్తువుకు భారం తెలియదన్న సంగతి ఆ బల్లెం మొన మీద ఉంది. అంతరిక్ష నౌకలో తేలే మనుషులను టీవీలో చూసిన మనకు కూడా అది ఒక పట్టాన మింగుడుపడదు.

పీసా గోపురం మీది నుంచి గుండ్లు వదిలిన కథ ఈ పుస్తకంలో లేదు. శిష్యుడు వివియాని తర్వాత రాసిన జీవితచరిత్రలోది. ఇక్కడున్నది వేరే. నూరు మూరల ఎత్తు నుంచి పెద్ద గుండు, చిన్న గుండు వదిలితే పెద్దది రెండు వేళ్ల మేర ముందు చేరుతుందని సాల్వియాతి ఒప్పుకుంటాడు. ఒప్పుకొని, అరిస్టాటిల్ లెక్కలోని తొంభై తొమ్మిది మూరల తేడాను ఈ రెండు వేళ్ల వెనక దాచాలని చూడకు అని సింప్లీచియోను ఎత్తిపొడుస్తాడు. తేడా బొత్తిగా లేదని బుకాయించలేదు. ఎంత తేడా ఉందో చెప్పి, అంత చిన్న తేడా గాలి అడ్డు వల్లనే వస్తుందని వాదించాడు. ఇలా మిగిలిపోయిన చిన్న తేడాను దాచకుండా రాసుకోవడం ఈ మనిషి అలవాటు. దాని సంగతి ముందు ముందు చూద్దాం.

ఇప్పుడు అసలు సరుకు దగ్గరికి వద్దాం. మూడో రోజున సాల్వియాతి సిద్ధాంతాన్ని నిరూపించేశాడు. వేగం కాలంతో సమంగా పెరిగితే, పడిన దూరం కాలపు వర్గాన్ని బట్టి ఉండాలి. సమాన కాలవ్యవధుల్లో వస్తువు దాటే దూరాలు 1, 3, 5, 7 పాళ్లుగా ఉంటాయి, కూడితే 1, 4, 9, 16. సాగ్రేదో మురిసిపోతాడు. సింప్లీచియో మాత్రం, లెక్క బాగానే ఉంది, కానీ ప్రకృతి ఈ లెక్కనే వాడుతోందని ఎలా చెప్పగలం, ప్రయోగం ఏదైనా చేశారా అని అడుగుతాడు.

నా దృష్టిలో పుస్తకం మొత్తంలో ఇంతకంటే పదునైన ప్రశ్న లేదు. దాన్ని అడిగింది తరతరాలుగా పాఠకులు మూర్ఖుడని జమకట్టిన పాత్ర. ఆలోచిస్తే ఇది ఎంత అవసరమైన ప్రశ్నో తెలుస్తుంది. వేగం సమంగా పెరిగితే దూరం ఎంత అన్న గణితం గెలీలియోకు రెండు వందల ఏళ్లకు పైగా ముందే, 14వ శతాబ్దంలో, ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాల పండితులకు తెలుసు. ఫ్రాన్సులో నికోల్ ఒరేమ్ దాన్ని బొమ్మ గీసి చూపించాడు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాడు దొమింగో దె సోతో, పడే వస్తువులు ఇలాగే పడతాయని కూడా అన్నాడు. అయినా వాళ్లు కొలవలేదు. సాల్వియాతి ఆ ప్రశ్నను తోసిపుచ్చడు. శాస్త్రం తెలిసినవాడు అడగవలసిందే అడిగావని మెచ్చుకొని, గుండు దొర్లించిన బల్ల సంగతి విప్పుతాడు. మన పరీక్షల గైడ్లలో ప్రశ్న పుట్టకముందే జవాబు పుట్టి ఉంటుంది. ఇక్కడ ప్రశ్న వచ్చేదాకా జవాబు మూట విప్పకుండా ఉంచాడు.

ఆ బల్ల పన్నెండు మూరల పొడవు, అంటే ఏడు మీటర్లు. వెడల్పు అర మూర, మందం మూడు వేళ్లు. గాడి తీసింది వెడల్పు వైపు కాదు, సన్నని అంచు మీద. అంటే దూలాన్ని నిలబెట్టినట్టు పలకను అంచు మీద నిలబెట్టి, ఆ అంచు పొడవునా వేలికంటే కొంచెం వెడల్పుగా గాడి చెక్కారు. ఎందుకలా అన్నది పుస్తకం చెప్పదు. కానీ ఏ వడ్రంగినైనా అడగండి. ఏడు మీటర్ల పలకను పడుకోబెడితే నడుము దగ్గర కుంగుతుంది, నిలబెడితే కుంగదు. పలకను పడుకోబెట్టినప్పటికంటే నిలబెట్టినప్పుడు ఎందుకు ఎక్కువ బలం, ఎన్ని రెట్లు ఎక్కువ అన్న సిద్ధాంతం ఇదే పుస్తకంలో రెండో రోజు సంభాషణలో ఉంది. పుస్తకం పేరులోని రెండు శాస్త్రాల్లో ఒకటి పదార్థాల బలం, రెండోది చలనం. మొదటి శాస్త్రం రెండోదానికి బల్ల సిద్ధం చేసి పెట్టిందని నాకనిపిస్తుంది.

గాడిని తిన్నగా తీసి, చిత్రిక పట్టి, దాని లోపల నున్నటి తోలు కాగితం అతికించారు. కొయ్యకు ఈనెలుంటాయి. ఎంత చిత్రిక పట్టినా ఒక ఈనె దగ్గర గుండు తడబడితే లెక్కంతా పోయినట్టే. దొర్లించింది గట్టి కంచు గుండు, నున్నగా, వీలైనంత గుండ్రంగా చేసింది. బల్లకు ఒక కొసను మూరెడో రెండు మూరలో పైకెత్తారు.

ఇంత శ్రమ దేనికంటే, పడటాన్ని నెమ్మది చేయడానికి. ఏడు మీటర్ల ఎత్తు నుంచి నిట్టనిలువునా వదిలిన గుండు 1.2 సెకన్లలో నేలను తాకుతుంది. సెకన్లను నమ్మకంగా కొలిచే గడియారం లేని కాలంలో దాన్ని కొలిచేదెలా? హైగెన్స్ లోలకపు గడియారం వచ్చింది 1656లో. అదే గుండు మూరెడు ఎత్తిన ఈ గాడిలో చివరికి చేరడానికి దాదాపు ఐదు సెకన్లు తీసుకుంటుంది. ఐదు సెకన్లంటే మనిషి చేతికి అందే కాలం. పడటం ఎలా జరుగుతుందన్న ప్రశ్నను అలాగే ఉంచి, దాని తొందరను మాత్రం తగ్గించాడు.

ఆ ఐదు సెకన్లను కొలవడానికి వాడింది నీళ్లు. పెద్ద పాత్రను ఎత్తు మీద పెట్టి, అడుగున సన్నని గొట్టం అతికించాడు. గుండు కదిలినప్పటి నుంచి ఆగేవరకు గొట్టంలోంచి సన్నని ధారగా పడే నీళ్లను చిన్న గ్లాసులో పట్టి, మంచి త్రాసులో తూచాడు. కాలం బరువుగా మారింది. గుంజ విషయంలో వేగాన్ని లోతుగా మార్చిన చేయే ఇది. ఈ ఏర్పాటులో పాత్ర పెద్దది కావడం ముఖ్యం. కొన్ని క్షణాల్లో పోయే నీళ్లకు దాని మట్టం అంతగా తగ్గదు కాబట్టి ధార మొదట్లో ఎలా ఉందో చివర్లోనూ అలాగే ఉంటుంది. గొట్టం మూసి తెరిచే వేలికి మాత్రం సాధన కావాలి.

గాడి మొత్తం ఒకసారి, నాలుగో వంతు ఒకసారి దొర్లించి చూస్తే, నాలుగో వంతుకు సరిగ్గా సగం సమయం పట్టింది. తర్వాత సగం, మూడింట రెండు వంతులు, ముప్పాతిక, ఇలా రకరకాల దూరాలు. నిండా వందసార్లు చేశామని, రెండు కొలతల మధ్య తేడా నాడి కొట్టుకునే కాలంలో పదో వంతుకు మించలేదని సాల్వియాతి చెబుతాడు.

ఈ మాటను 20వ శతాబ్దంలో అలెగ్జాండర్ కొయిరే అనే పెద్ద చరిత్రకారుడు నమ్మలేదు. కంచు గుండూ, కొయ్య గాడీ, నీళ్ల గ్లాసూ పట్టుకొని అంత ఖచ్చితత్వం ఎలా వస్తుందని, గెలీలియో బుర్రలో జరిగిన ప్రయోగాన్నే బల్ల మీదికి ఎక్కించి చెప్పాడని ఆయన వాదన. 1961లో థామస్ సెటిల్ అనే యువ పరిశోధకుడు వాదనకు దిగకుండా బల్ల తయారుచేశాడు. గెలీలియోకు దొరకగల సామగ్రికి దగ్గరి సామగ్రితో గాడి, నీళ్ల పాత్ర అమర్చి, కొంత అభ్యాసం చేశాక కొలిచాడు. నాడిలో పదో వంతన్న మాట గొప్పలు కాదని తేలింది. సింప్లీచియో అడిగిన ప్రశ్ననే కొయిరే మూడు వందల ఏళ్ల తర్వాత పుస్తకం మీదికి తిప్పాడు, దానికి జవాబు కూడా మళ్లీ కొయ్యతోనే వచ్చింది.

కొత్తవాడికి ఇక్కడ ఇంకో సందేహం రావాలి. గాడిలో దొర్లడం వేరు, గాలిలో పడటం వేరు కదా? దీనికి గెలీలియో ముందే ఒక మేకు సిద్ధంగా పెట్టుకున్నాడు. గోడకు మేకు కొట్టి, దానికి రెండు మూడు మూరల దారంతో చిన్న సీసపు గుండు వేలాడదీశాడు. ఒక పక్కకు లాగి వదిలితే రెండో పక్క దాదాపు అంతే ఎత్తుకు లేస్తుంది. ఇప్పుడు మొదటి మేకుకు సూటిగా కింద, దారానికి అడ్డం వచ్చేట్టు రెండో మేకు కొట్టాడు. సగం దారిలో దారం దానికి తగిలి, గుండు వేరే దారిన, మరింత నిటారైన వంపులో పైకి పోవలసి వస్తుంది. అయినా అదే ఎత్తుకు లేస్తుంది. దారి మారినా చేరిన ఎత్తు మారలేదంటే, కింద సంపాదించిన వేగాన్ని నిర్ణయించేది దారి వాలు కాదు, ఎంత ఎత్తు దిగిందన్నదే. కాబట్టి ఏ వాలు మీద తేలిన నియమమైనా, వాలును పెంచుకుంటూ పోతే నిట్టనిలువు పతనానికీ వర్తిస్తుంది. సామగ్రి ఒక దారం, రెండు మేకులు, ఒక సీసపు గుండు. ఖర్చుకీ ఫలితానికీ ఇంత తేడా ఉన్న ప్రయోగం ఇంకొకటి నాకు తట్టడం లేదు.

అచ్చైన పుస్తకంలో కనిపించేది తుడిచి సర్దిన పని. పని జరిగినప్పటి చిత్తు కాగితాలు ఫ్లారెన్సు జాతీయ గ్రంథాలయంలో 72వ నంబరు రాతప్రతిగా ఉన్నాయి. 1970లలో చరిత్రకారుడు స్టిల్మన్ డ్రేక్ వాటిని ఒక్కో కాగితం తిరగేసి చూశాడు. 107వ కాగితం వెనకవైపు ఒక అంకెల వరుస ఉంది. 33, 130, 298, 526, 824, 1192, 1620, 2104. ఇవి ‘పుంతో’ అనే కొలతలో దూరాలు, ఒక్కోటి మిల్లీమీటరుకు కాస్త తక్కువ. 33ను 4, 9, 16తో గుణించి చూడండి, 132, 297, 528. వరుస దగ్గరదగ్గరగా సరిపోతుంది గానీ అతకదు. సూత్రంలోంచి రాసిన అంకెలైతే అచ్చంగా అతకాలి. ఇవి కొలిచిన అంకెలు. పక్కన 1, 4, 9, 16 అన్న వర్గాలు తర్వాత వేరే సిరాతో చేర్చినట్టున్నాయని డ్రేక్ చెప్పాడు. ఆ మాట నిజమైతే ముందు కొలత, ఆ తర్వాత నియమం.

మరి ఇక్కడ కాలాన్ని కొలిచిందెలా? నీళ్లతో అయితే సమాన కాలాల్లో దాటిన ఎనిమిది దూరాలు వరసగా దొరకవు. డ్రేక్ ఊహ సొగసైనది. గెలీలియో తండ్రి విన్చెంజో పేరున్న ల్యూట్ విద్వాంసుడు, సంగీత సిద్ధాంతం మీద పుస్తకాలు రాసినవాడు. కొడుకూ ఆ వాద్యం బాగా వాయించేవాడు. వీణకు మెట్లున్నట్టే ల్యూట్‌కూ మెట్లుంటాయి. కాకపోతే వీణ మెట్లు మైనంలో స్థిరంగా కూర్చుంటాయి, ల్యూట్ మెట్లు మెడ చుట్టూ కట్టిన నరపు తీగలు, అటూ ఇటూ జరపవచ్చు. గాడి మీద అలాంటి తీగలు అడ్డంగా కట్టి, గుండు ఒక్కోదాన్ని దాటినప్పుడు వచ్చే చిన్న చప్పుడు పాట తాళంలో పడేవరకు వాటిని జరుపుకుంటూ పోయి ఉంటాడని డ్రేక్ అభిప్రాయం. వాలు రెండు డిగ్రీల లోపు, దరువుకూ దరువుకూ మధ్య అర సెకను చొప్పున లెక్కకడితే అంకెలు కుదురుతాయి. సంగీతం తెలిసిన చెవి అర సెకను దరువులో చాలా చిన్న తేడాను కూడా పట్టేస్తుందన్నదీ నిజమే. ఇది రుజువు కాదు. ఒప్పుకోని చరిత్రకారులున్నారు. నాకు మాత్రం నమ్మాలనే ఉంది, ఆ ఒప్పుకోనివాళ్ల పుణ్యాన అంతగా నమ్మకుండా ఉన్నాను.

116వ కాగితం వెనకవైపు కథ ఇంకా ఆసక్తికరం. అక్కడ గుండు వాలు దిగి, బల్ల అంచు దాటి, గాలిలో వంపు తిరుగుతూ నేల మీద పడుతుంది. బల్ల ఎత్తు 828 పుంతోలు. వాలు మీద 300 ఎత్తు నుంచి వదిలితే అంచుకు 800 దూరంలో పడింది. 800ను ఆధారంగా పెట్టుకొని, మిగతా ఎత్తులకు ఎంత దూరం పోవాలో లెక్కగట్టాడు. 600కు 1131, 800కు 1306, 828కి 1330, 1000కి 1460. కొలిస్తే వరసగా 1172, 1328, 1340, 1500 వచ్చాయి. పక్కనే తేడాలు కూడా రాసి పెట్టుకున్నాడు. 41, 22, 10, 40. ఈ కాగితం ఎవరికీ చూపించడానికి రాసింది కాదు. అయినా తీసివేతలన్నీ చేసి పెట్టుకున్నాడు. రెండు వేళ్ల తేడాను సాల్వియాతి నోట ఒప్పించిన చేతివాటానికి మూలం ఈ కాగితమే.

కాగితం మీద ఇంకో తేడా ఉంది, దాన్ని ఆయన రాయలేదు. 300 ఎత్తు నుంచి గుండు రాపిడి లేకుండా జారి వస్తే, 828 ఎత్తున్న బల్ల నుంచి అది 997 పుంతోల దూరం పోవాలి. ఆయన సొంత సిద్ధాంతాలతోనే ఆ లెక్క కట్టవచ్చు. పోయింది 800. ఐదింట ఒక వంతు తక్కువ. ఇది 41, 22ల్లాంటి చిన్న తేడా కాదు. 800నే ఆధారంగా తీసుకొని మిగతావన్నీ దానికి నిష్పత్తిగా చూడటం వల్ల ఈ పెద్ద తేడా లెక్కలోంచి జారిపోయింది. కారణం ఇప్పుడు మనకు తెలుసు. గుండు జారలేదు, దొర్లింది. సంపాదించిన దానిలో కొంత తన చుట్టూ తాను తిరగడానికి ఖర్చైపోతుంది. చదునైన వాలు మీద దొర్లే గట్టి గుండు త్వరణం, జారే గుండు త్వరణంలో ఏడింట ఐదు వంతులే. గాడి అంచుల మీద ఆనుకొని దొర్లితే ఇంకా తక్కువ. అయితే ఆ తరుగు అన్ని ఎత్తుల్లోనూ ఒకే పాలు కాబట్టి కాలపు వర్గం నియమం చెక్కుచెదరలేదు. నిష్పత్తి మాత్రమే అడగాలన్న జాగ్రత్త ఆయనకు తెలియకుండానే ఆయన్ని కాపాడింది.

దొర్లే వస్తువు లెక్క తేలడానికి 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ దృఢవస్తువుల చలనాన్ని సూత్రాల్లో పెట్టేవరకు ఆగవలసి వచ్చింది. గాడి పక్కన కూర్చొని గుండు తిరుగుతోంది కదా, అందువల్ల ఏమైనా తేడా వస్తుందా అని అడగడానికి ఆయిలర్ అక్కర్లేదు. ఆ ముగ్గురిలో అడిగితే సింప్లీచియోనే అడగాలి. నాలుగు రోజుల సంభాషణలో గెలీలియో ఆ ఒక్క ప్రశ్న అతని నోట పెట్టలేదు.